పెద్దమ్మ పంచిపెట్టిన కష్టాలు

ఒక్క కాన్పు కూడా లేకుండా నూట పన్నెండు మంది గొప్పవాళ్ళను కన్నది మా పెద్దమ్మ. డాక్టర్లు, ఓడ కెప్టెన్లు, బ్యాంకు పెద్దలు, ఇద్దరు జడ్జీలు, ఒక ఈతగాడు. అందరూ పుట్టీ పుట్టగానే సూటు తొడుక్కుని నేరుగా వేదికెక్కి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని మాట్లాడటం మొదలుపెట్టారు. పురుటి గది ఎక్కడంటారా? మా సంఘం హాలు వెనకాల, మెట్ల కింద, కిటికీ లేని టైపు గది.

నమ్మకపోతే మీ ఇష్టం. ఆ హాల్లో ఇరవై ఏళ్ళు మైకులు చూసినవాణ్ణి నేను. నాకు చదువు అబ్బలేదని గిట్టనివాళ్ళు అంటారు. నిజానికి రెండో ఏడాదిలో నేనే కాలేజీని మానిపించాను. ఆ తర్వాత సౌండు మిక్సర్ ముందు కూర్చుని విన్న ఉపన్యాసాలన్నీ కలిపితే నాలుగు డిగ్రీలు, ఒక డాక్టరేటు తేలతాయి. కాగితం ఇవ్వలేదంతే.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, ఆ సంఘంలో టైపిస్టు. ఆ సంఘం ఏడాదికి మూడు నాలుగు సభలు పెట్టేది. వాటికి "నడిచొచ్చిన దారి" అని పేరు. రకరకాల వృత్తుల్లో పైకొచ్చినవాళ్ళను పిలిచి, ఎక్కడ మొదలయ్యారో, ఎలా వచ్చారో చెప్పమనేవారు. ఎవరు మాట్లాడినా ముందు వాళ్ళ పరిచయం చదవాలి. చదివేది కార్యదర్శి, రాసేది పెద్దమ్మ. రెండు నిమిషాలు దాటకూడదు. కార్యదర్శి చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని మరీ చదివేవాడు.

ఆమె పద్ధతి ఆమెది. సభకి ముందు మంగళవారం పదకొండింటికి వక్తకి ఫోన్ చేసేది. ఐదు ప్రశ్నలు అడిగేది. ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, మొదటి పని ఏమిటి, మధ్యలో ఎక్కడ పడ్డారు, మళ్ళీ ఎలా లేచారు. ఈ ఐదింటిలో నాలుగోదే ప్రాణం. మిగతావి ఎవడికీ అక్కర్లేదు. ఆ సంగతి కార్యదర్శికి బాగా తెలుసు.

"పడని మనిషిని తెచ్చి నిలబెడితే కుర్చీలు కిర్రుమంటాయమ్మా. ఎక్కడో ఒకచోట పడాలి. ఎక్కడ పడ్డాడో పట్టుకోండి" అనేవాడు.

నిజంగా పడినవాళ్ళు లేకపోలేదు. ఒక క్రేను డ్రైవరు ఉండేవాడు. తీగ తెగి, కూర్చున్న క్యాబినుతో సహా కిందికి వచ్చాడు. పదకొండు నెలలు మంచం మీద ఉన్నాడు. లేచాక కార్మికులకు జాగ్రత్తలు నేర్పే పనిలో చేరాడు. నాలుగో ప్రశ్న అడిగితే తీగ తెగిన చోటు దాకా చెప్పాడు. తర్వాత ఏడుపు. పెద్దమ్మ టైపు మిషను మీంచి చేతులు తీసేసి, ఫోను చెవికి ఆనించుకుని నలభై నిమిషాలు అలాగే కూర్చుంది. ఒక్క అక్షరం కొట్టలేదు. వేదిక మీద అతని చేతిలో కాగితం వణికిన చప్పుడు నా మైకులోకి వచ్చింది. ఫ్యాను రెక్క విరిగిందేమోనని పైకి చూశాను. ఆ తర్వాత ప్రతి సభకీ వచ్చేవాడు. ఆఖరి వరుస, దారి పక్క కుర్చీ. ఎడమ కాలు వంగదు కాబట్టి దారిలోకి బారజాపుకుని కూర్చునేవాడు. తోసుకుపోయేవాళ్ళు కూడా ఆ కాలి దగ్గరకొచ్చేసరికి నెమ్మదించేవారు.

చిక్కంతా పడనివాళ్ళతోనే. మొదటివాడు తాళాల ఫ్యాక్టరీ యజమాని.

"నేనెక్కడా పడలేదమ్మా. మా నాన్న ఫ్యాక్టరీ కట్టాడు. నేను కుర్చీలో కూర్చున్నాను" అన్నాడట ఫోన్లో.

"చిన్నప్పుడేమైనా కష్టం..."

"ఒకసారి చలికాలంలో గీజరు పాడైంది. ఏదో ఒకటి మీరే రాసెయ్యండమ్మా, మీకు తెలియనిదా!"

సభకి మూడు రోజులుంది. పెద్దమ్మ కాగితం ఎక్కించింది. ఐదు ప్రశ్నల్లో మూడింటికి జవాబులు కొట్టింది. నాలుగో దగ్గర ఆగి, తన పదమూడో ఏడు తీసి అక్కడ పెట్టేసింది.

పదమూడో ఏట ఆమె ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. ఆవిరి గది, రాళ్ళలా బరువెక్కిన తడి దుప్పట్లు. దుప్పటి మూల మీద అది ఏ వార్డుదో చెరగని సిరాతో రాసి ఉండేది. వార్డుల వారీగా దొంతులు పెట్టాలి కాబట్టి ఆ రాతలు గుర్తుపట్టడం నేర్చుకుంది. అలా చదువొచ్చింది. ఆమె చదివిన మొదటి మాట "ప్రసూతి". రెండోది "శవాగారం". అక్షరాలకు ఒక వరస ఉంటుందనీ, అది "అ"తో మొదలవుతుందనీ ఆమెకి పదిహేనో ఏటగానీ తెలియలేదు.

సభ రోజున కార్యదర్శి గడియారం విప్పి చదివాడు: "ఆసుపత్రి దుప్పట్ల మూలలే మన అతిథికి మొదటి పుస్తకం." తండ్రికి ఫ్యాక్టరీ ఉండగా కొడుకు దుప్పట్లెందుకు ఉతికాడని ఒక్కడూ అడగలేదు. కష్టం వినేటప్పుడు జనానికి కూడికలు, తీసివేతలు గుర్తుండవు. యజమాని ముందు ఉలిక్కిపడ్డాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. చాలామంది కళ్ళు తుడుచుకుంటున్నారు. తల వంచుకున్నాడు. కుర్చీలోంచి మైకు దాకా ఆరడుగులు. ఆ ఆరడుగుల్లో ఆయన దాన్ని పూర్తిగా నమ్మేశాడు. మాట్లాడటం ముగించేలోపు ఆవిరికి కాలిన అరచేతులు కూడా చూపించాడు. మెత్తటి చేతులు, దూదిపింజలు. మొదటి వరుసవాళ్ళకు మచ్చలు కనబడ్డాయి.

మరుసటి ఏడు ఆయన కంపెనీ క్యాలెండరు మీద దుప్పటి మూల బొమ్మ వేయించాడు.

రెండోవాడు బ్యాంకు పెద్దాయన. ఆయన జీవితం నున్నగా నూనె రాసినట్టుండేది. ఆయనకి పెద్దమ్మ తన లిఫ్టు ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళ నుంచి ఇరవై మూడు దాకా ఆమె తొమ్మిదంతస్తుల మేడలో లిఫ్టు నడిపింది. స్టూలు మీద కూర్చుని, ఎక్కినవాళ్ళు పారేసి వెళ్ళిన పేపర్లు చదువుకునేది. టైపు నేర్చుకున్నదీ అక్కడే, మోకాళ్ళ మీద అట్టముక్క పెట్టుకుని దాని మీద గీసిన గళ్ళను నొక్కుతూ. ఆమె నడిపినన్నాళ్ళూ ఆ లిఫ్టు ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు. ఆమె మానేసిన రోజు మధ్యాహ్నమే అది మేనేజర్ని ఐదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య నిలబెట్టి కసి తీర్చుకుంది. ఇది నేను కల్పించింది కాదు, కొంచెం పెంచానంతే. "రోజూ నలభై సార్లు పైకెళ్ళేదాన్ని, ఒక్క మెట్టు ఎక్కలేదు" అనేది పెద్దమ్మ. బ్యాంకాయన ఆ మాటను "పైకెళ్ళేవాణ్ణి" అని మార్చుకుని, వెళ్ళిన ప్రతి కాలేజీలోనూ చెప్పాడు. పేపర్లో కూడా పడింది, ఆయన ఫోటో కింద.

మూడోవాడు గుండె డాక్టరు. "ఈ వృత్తిలోకి ఎందుకొచ్చారు?" అంటే "మార్కులొచ్చాయి" అన్నాడట. దాంతో రెండు నిమిషాలు ఎలా నింపుతారు? పెద్దమ్మ వంతెన ఇచ్చింది. మా అమ్మకి ఆరేళ్ళప్పుడు ఒళ్ళు కాలిపోయే జ్వరం. బస్సువాడు అంటురోగమని ఎక్కించుకోలేదు. పన్నెండేళ్ళ అక్క చెల్లెల్ని వీపున వేసుకుని, వానలో వంతెన దాటి ఆసుపత్రికి మోసుకెళ్ళింది. లాండ్రీలో పని దొరికింది కూడా ఆ దారినే.

ఆ సభకి మా అమ్మ వచ్చింది. మొదటి వరుసలో కూర్చుంది. డాక్టరుగారు మైకు పట్టుకుని, వంతెన మధ్యలోకి రాగానే ఆకాశంలోకి చూస్తూ చెల్లెల్ని చంపేశాడు. హాలంతా ఒక్కటే వెక్కిళ్ళు. మా అమ్మ తన చావు తాను శ్రద్ధగా విని, అందరితోపాటు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఇంటికెళ్ళి అక్కతో, "ఏమే అక్కా, నన్ను చంపేశావట?" అంది.

"నేనెక్కడ చంపాను? జ్వరం దాకే రాశాను" అంది పెద్దమ్మ.

ఆ రోజే నేనూ అడిగాను. "నీవన్నీ ఇలా ఊళ్ళోవాళ్ళకి ఇచ్చేస్తావేం పెద్దమ్మా? ఎప్పుడైనా నువ్వే చెప్పుకోవచ్చుగా?"

"ఖాళీ కాగితం ఎలా ఇస్తానురా? నా దగ్గర ఊరికే పడున్నాయి, ఇచ్చాను. నేను చెప్పుకోవడానికి నన్నెవరు పిలుస్తారు?"

హాస్యంగా అనలేదు. అలాగని బాధగానూ అనలేదు. టైపు మిషను రిబ్బను మారుస్తూ, వేళ్ళకి నలుపంటకుండా జాగ్రత్తపడుతూ అంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పరిచయం కాగితం కార్యదర్శి చేతిలో పెట్టాక ఆమె హాల్లో ఉండేది కాదు. మెట్ల కిందికి వెళ్ళి వచ్చే సభ ఉత్తరాలు చూసుకునేది. పరిచయం అంటే గుమ్మం లాంటిదనేది, లోపలికొచ్చాక గుమ్మం ఎవరికి గుర్తుంటుందనేది. డాక్టరు సంగతి మా అమ్మ ద్వారా తెలిసింది గానీ, యజమాని క్యాలెండరు, బ్యాంకాయన పేపరు ఆమె దాకా రాలేదు. నాకు తెలుసు. చెప్పలేదు. పెద్ద కారణమేం లేదు. నాకు నవ్వొచ్చేది. నా పెద్దమ్మ పిల్లలు ఊరంతా తిరుగుతున్నారని మనసులో గొప్పగా ఉండేది.

పాత కార్యదర్శి పోయి కొత్తాయన వచ్చాడు. పెద్దమ్మ పదవీ విరమణ నెల వచ్చింది. ఆ నెల రావలసిన వక్తకి నడుం పట్టేసిందని సభకి నాలుగు రోజుల ముందు ఫోనొచ్చింది. కొత్త కార్యదర్శి టైపు గది గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"అమ్మా, మీరెలాగూ వెళ్ళిపోతున్నారు కదా. ఈసారి మీరే మాట్లాడేస్తారా? అరగంట."

"నేనా? నేనేం మాట్లాడతాను సార్?"

"మీరు నడిచొచ్చిన దారి. అందరూ అదే కదా మాట్లాడేది."

వద్దంది. మధ్యాహ్నం టీ టైములో మళ్ళీ వద్దంది. సాయంత్రం సంచి భుజానికి తగిలించుకుని, ఆయన గది తలుపు కొట్టి, "అరగంట అంటే ముప్పై నిమిషాలేనా, ఇంకో ఐదు పట్టొచ్చా?" అని అడిగింది.

నూట పన్నెండు జీవితాల్ని రెండేసి నిమిషాలకు కుదించిన మనిషి చేతికి మొదటిసారి అరగంట దొరికింది. ఆ నాలుగు రోజులూ ఆమె ఆమెలా లేదు. వంటింట్లో గ్యాసు పొయ్యికి చెప్పింది. బట్టల మిషనుకి చెప్పింది. అది నీళ్ళు వదులుతున్నప్పుడు ఆగి, మళ్ళీ తిరగడం మొదలెట్టాక అందుకునేది. మా అమ్మ వింటూ మధ్యమధ్యలో తప్పులు దిద్దేది. "ఆ రోజు వాన కాదే, జల్లు" అనేది. "మోసింది నేను. వీపుకి తెలుసు అది వానో జల్లో" అనేది ఈమె. పరిచయం నేను రాస్తానన్నాను. పులి, ఏనుగు, రెండు భూకంపాలు పెట్టి అద్భుతంగా రాశాను. చదివి మడిచి నా జేబులో పెట్టింది. తనే ఒక్క వాక్యం కొట్టుకుంది: "ఈ సంఘంలో ముప్పై రెండేళ్ళు టైపిస్టు."

అప్పుడైనా ఆ క్యాలెండరు, పేపరు సంగతి చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె మొహం చూశాక నోరు పెగల్లేదు. వాగుడుకాయనని పేరున్నవాణ్ణి, సరిగ్గా అక్కర పడ్డ రోజునే మూగనయ్యాను.

సభ రోజు హాలు ముప్పాతిక నిండింది. కార్యదర్శి పరిచయం చదివాడు. తొమ్మిది సెకన్లు. పెద్దమ్మ వచ్చి నిలబడింది. కాగితం లేదు. మైకు ఎత్తు ఎక్కువైతే నేను పరిగెత్తుకెళ్ళి దించాను.

"నాకు పదమూడో ఏట ఆసుపత్రి లాండ్రీలో పని దొరికింది" అని మొదలుపెట్టింది. "దుప్పట్ల మూలల మీద అక్షరాలుండేవి. నేను చదువుకున్నది వాటితోనే."

మూడో వరుసలో ఒకాయన పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. పక్కవాడు నవ్వాడు. ఆమె గమనించలేదు. లిఫ్టు దాకా వచ్చింది. "రోజూ నలభై సార్లు పైకెళ్ళేదాన్ని..." అనగానే వెనక నుంచి ఎవరో "ఒక్క మెట్టు ఎక్కలేదు" అని పూర్తిచేశారు. నాలుగు వరుసలు గొల్లుమన్నాయి.

ఆమె ఆగింది. తనకు తెలియని హాస్యం ఏదో జరిగిందనుకుని తనూ కొంచెం నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అరగలేదు.

"అది బ్యాంకు సారు మాటండీ" అన్నాడు మూడో వరుస ఆయన, మర్యాదగానే. "దుప్పట్లేమో తాళాల ఫ్యాక్టరీ వారివి. మా ఇంట్లో క్యాలెండరు కూడా ఉంది."

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను మిక్సర్ వైపు చూశాను. నాకు ముందే తెలుసని ఆమెకి అప్పుడే అర్థమైందనుకుంటాను.

అయినా వదల్లేదు. వంతెన మొదలుపెట్టింది. "మా చెల్లెలికి జ్వరం. బస్సు ఎక్కనివ్వలేదు. వీపున వేసుకుని..."

రెండో వరుసలోంచి ఒకావిడ లేచింది. ప్రతి సభకీ వచ్చే మనిషి. ప్రతి సభలోనూ ఏడ్చే మనిషి. "అమ్మా, మిగతావంటే సరే. ఆ డాక్టరుగారి చెల్లెలు చచ్చిపోయిందమ్మా! చచ్చినవాళ్ళ కథ కూడా వాడుకుంటారా?"

"నేను చావలేదు!" మొదటి వరుసలోంచి మా అమ్మ లేచి వెనక్కి తిరిగింది. "ఆ చెల్లెల్ని నేనే. ఇదిగో, ఇక్కడే ఉన్నాను. వాళ్ళందరికీ రాసిచ్చింది మా అక్కే!"

తర్వాత ఎవడో, ఎక్కడినుంచో ఇప్పటికీ కనుక్కోలేకపోయాను, గట్టిగా అన్నాడు: "అయితే ఇక్కడ ఏడిపించి వెళ్ళినవాళ్ళందరికీ ఈవిడే రాసిచ్చిందేమో! అన్నీ వండినవేనేమో!"

తలలు తిరిగాయి. ఒకరి తర్వాత ఒకరు, వరుస తర్వాత వరుస, హాలు వెనక్కి తిరిగింది. ఆఖరి వరుసలో క్రేను డ్రైవరు ఉన్నాడు. అందరూ ఊరికే అతని కాలు వైపు చూశారు. అతను రెండు చేతులతో ఆ వంగని కాలిని మోకాలి కింద పట్టుకుని, మెల్లిగా దారిలోంచి లోపలికి లాక్కున్నాడు.

నేను రెండో మైకు అందుకున్నాను. "అయ్యా, ఆ కథలన్నీ..."

"నువ్వు కూర్చోరా" అంది పెద్దమ్మ. మైకులో, అందరూ వినేలా.

కూర్చున్నాను.

ఆమె చీర కొంగు సర్దుకుంది. ఉత్తరం చదివినట్టు, ఎత్తూ పల్లం లేని గొంతుతో మాట్లాడింది. "మీరన్నది నిజమే. అవి వాళ్ళవే. వాళ్ళ పరిచయాలు టైపు చేసీ చేసీ నాలో కలిసిపోయినట్టున్నాయి. వయసు. మా చెల్లెలు నా మీద అభిమానం కొద్దీ అంది. ఇక్కడ మాట్లాడినవాళ్ళెవరికీ నేనేమీ రాసివ్వలేదు. క్షమించండి."

దిగి వచ్చేసింది. అరగంటలో పదకొండు నిమిషాలు వాడుకుంది. మా అమ్మ మాత్రం ఇంకా నిలబడే ఉంది, బతికున్నందుకు తప్పుచేసినదానిలా.

కొత్త కార్యదర్శి పూలగుత్తి ఇచ్చాడు, వేడిగిన్నెను చేతులు మార్చినట్టు. టీ దగ్గర జనం జాలిపడ్డారు. "పాపం, ముప్పై రెండేళ్ళు ఆ కిటికీ లేని గదిలో ఉంటే మనకైనా అంతే." "అయినా ఆ చచ్చిపోయిన పిల్లనైనా వదిలేయాల్సింది." గుండె డాక్టరుకి ఎవరో ఫోన్ చేసి చెబితే, ఆయన పెద్ద మనసుతో నవ్వి, ఏమీ అనుకోనన్నాడట. క్రేను డ్రైవరు ఒక్కడే ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె సంచి తీసుకుని గేటు దాకా మోశాడు, కుంటుకుంటూ. ఆమె వద్దనలేదు.

నేను ఆ పని మానేశాను. కాలేజీలాగే దాన్నీ నేనే మానిపించానని చెప్పుకుంటున్నాను గానీ, నిజం వేరు. ఆ మైకు స్టాండు ముట్టుకుంటే ఆమె కోసం దించిన ఎత్తు చేతికి తగిలేది.

ఆమె దగ్గర రుజువులున్నాయి. ఐదు ప్రశ్నలకి వక్తలు చెప్పిన జవాబులు, తేదీలతో సహా, రూళ్ళ పుస్తకాల్లో రాసిపెట్టేది. తాళాలాయన గీజరు కూడా అందులో ఉంది. వాటిని పట్టుకెళ్ళి పేపరువాళ్ళకి ఇస్తానన్నాను. ఆమె వినలేదు. వారం తర్వాత వెతికితే అలమరలో లేవు. ఏం చేసిందని అడిగితే మా అమ్మ కూడా చెప్పలేదు. అందుకే కోపంకొద్దీ ఇదంతా నేనే రాశాను. ఎవరో ఒకరు రాయాలి కదా. గొప్పలు కొట్టడం నా పుట్టుక, కానీ ఇందులో పెంచింది లిఫ్టు దగ్గర ఒక్కచోటే.

నిన్న పొద్దున ఆమెకి చదివి వినిపించాను. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్నారు. చెరో రెండు మూలలూ పట్టుకుని, దగ్గరికొచ్చి, మళ్ళీ వెనక్కి జరుగుతూ. ఆమె మూలలు కలిపితే వెంట్రుకవాసి తేడా ఉండదు. చదువుతున్నంతసేపూ మడతలు ఆగలేదు. అయిపోయింది. ఆఖరి దుప్పటి దొంతి మీద పెట్టి, అరచేత్తో సాపు చేసి, నా కాగితాల వైపు చూసింది.

"నూట పన్నెండు కాదు, ముగ్గురు. మిగతా నూట తొమ్మిది మంది కష్టాలు వాళ్ళవే. మొదటి వాక్యం సరిచెయ్యి."